మాట పూర్తిచేసే మనిషి

ఆయన పోయాడన్న కబురు విన్నప్పుడు నాకు మొదట ఏడుపు రాలేదు. భయం వేసింది. నేను చేసిన ఒక పని నాదేనని తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఎప్పటికైనా గుర్తొచ్చి ఆ సంగతి తన నోటితో చెబుతాడని ఏడాదికి పైగా కాచుకున్నాను. ఇక చెప్పడు. పూణేలో గుండెపోటట, నలభై కూడా నిండలేదు, ఒక చిన్న కూతురు. మా ఆఫీసు సారు ఫోన్‌లో ఇవన్నీ చెబుతుంటే నా మనసు మాత్రం నా పని చుట్టూనే తిరిగింది. తర్వాత సిగ్గుపడ్డాను. సిగ్గుపడ్డాను గానీ కోపం పోలేదు.

ఆయన్ని అందరూ అన్న అనేవారు. వయసులో పెద్దవాడైన మా సారు కూడా అన్న అనే పిలిచేవాడు. ఇందూరు ఊళ్లో, కంఠేశ్వర్‌లో పిల్లల డాక్టరు క్లినిక్ పైన మా ఆఫీసు. కింద ఎవరికైనా సూది వేస్తే పైన మాకు ఏడుపు వినబడేది. అన్న తల ఎత్తకుండానే, “అయిపోయింది బిడ్డా, అయిపోయింది,” అనేవాడు. ఆ మాట కింది పిల్లకో, తన ముందు బల్ల మీద విప్పిపెట్టిన సర్క్యూట్ బోర్డుకో తెలిసేది కాదు. బోర్డులను కూడా ఆయన బిడ్డా అనే పిలిచేవాడు.

మా పని పొలం మోటర్లకు బిగించే చిన్న పెట్టెల మీద. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్‌తో మోటరు వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. పెట్టెలు తయారుచేసేది పూణే కంపెనీ. వాటి లోపలి ప్రోగ్రాములో తప్పులు వస్తే వెతికేది మేము. పెట్టెకు ఒక తీగ తగిలించి, లాప్‌టాప్‌లో నల్ల తెర తెరిచి, అక్షరాలు కొట్టి దాన్ని ప్రశ్నలు అడగాలి. కరెంటు ఎంత వస్తోంది, ఆఖరిసారి ఎందుకు ఆగిపోయావు, ఆ లెక్క ఎక్కడ దాచావు. ఇలా తప్పు వెతికే పనిముట్టును డీబగ్గర్ అంటారు. మాది పూణే వాళ్లు తమకోసం రాసుకున్నది. అందులో బొమ్మలుండవు, నొక్కడానికి బటన్లుండవు. ఏది అడగాలన్నా దాని పేరు టైపు చేయాలి, ఆ పేర్లేమో చాంతాడంత. అందుకని మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ మీట నొక్కితే మిగతా పేరు అదే నింపుతుంది. నేను చేసిన పని ఆ నింపడం గురించి.

అన్నకూ అదే అలవాటు. ఎదుటివాళ్లు రెండు మాటలు అనగానే మిగతాది తను నింపేవాడు. చాయ్ హోటల్‌లో, “అన్నా, ఇయ్యాల పాలు...” అని హోటలాయన నసుగుతుండగానే, “ఇరిగినయ్. గయితే నల్ల చాయే పొయ్యి,” అనేవాడు. బోధన్ అంగడిలో మరాఠీ ముసలమ్మ మిరపకాయల ధర మొదలుపెడితే మరాఠీలోనే ఆమె వాక్యం ముగించేవాడు. ఆమె పడీపడీ నవ్వి ఇంకో గుప్పెడు వేసేది. పదింటికి తొమ్మిది సార్లు ఆయన అన్నదే నిజమయ్యేది. పదోసారి తప్పయితే అందరికంటే ముందు తనే నవ్వేవాడు.

ఒకసారి బోధన్ అవతల ఒక చెరుకు తోటకు వెళ్లాం. తోట యజమాని, తలకు తువ్వాలు చుట్టిన పెద్దమనిషి, గట్టు మీద ఎదురొచ్చి, “సారూ, గది కాదు గని...” అన్నాడు.

“ఫేజు పోతున్నది,” అన్నాడు అన్న.

“కాదు సారూ...”

“మోటర్ వేడెక్కుతున్నది. ఫోన్ల సిగ్నల్ రాదు. రాత్రి దానంతటదే బంద్ అయితున్నది.”

“అగో, నన్ను జర చెప్పనియ్యరాదు. మోటర్ మంచిగనే ఉన్నది. చెరుకు రసం తాగుతరా అని అడుగుతున్న.”

అన్న గట్టు మీదే చతికిలబడి నవ్వాడు. రసం తెచ్చినప్పుడు పెద్ద గ్లాసు నా చేతిలో పెట్టి, చిన్నది తను తీసుకున్నాడు. చాయ్ దగ్గరా అంతే. ఇద్దరికీ కలిపి ఒకటే చెప్పి, గ్లాసు నాకిచ్చి సాసరు తను ఉంచుకునేవాడు. నాకు ఇలాంటివి చేసేవాళ్లు తక్కువ.

నేను ఆ ఆఫీసులో చేరిందీ ఆయన నింపిన మాటల వల్లే. ఇంటర్వ్యూలో సారు, “నీ గురించి చెప్పమ్మా,” అన్నాడు. నా గురించి చెప్పడమంటే నాకు నాలుక తిరగదు. పుస్తకాల్లో చదివిన మనుషుల గురించయితే గంటసేపు చెప్పగలను, అదీ డైరీకి. “నేను...” అని ఆగాను. కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్న అన్న అందుకున్నాడు. “బీఎస్సీ కంప్యూటర్స్. మిగిలిందంత ఇంట్ల కూసోని నేర్చుకున్నది. మాట్లాడుడు తక్కువ, పని ఎక్కువ. అంతేనా చెల్లె?” తల ఊపాను. ఉద్యోగం వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెబితే, బీడీలు చుడుతున్న అమ్మ కత్తెర ఆపకుండానే, “గట్లయితే పెండ్లిచూపులకు గూడ ఆయన్నే కూసోబెడ్దాం,” అంది. నవ్వాను. డైరీలో మాత్రం వేరేలా రాసుకున్నాను. నా తరఫున మాట్లాడే మనిషి ఒకరు దొరికారని రాసుకున్నాను.

ఆయన నాకు పని నేర్పాడు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. పెట్టెకు ఏ ఆజ్ఞ ఇవ్వబోయే ముందైనా వేలి కణుపులతో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు. ఆగు, చూసుకో అని తనకు తాను చెప్పుకోవడం అది. తప్పు ఎక్కడుందో నాకు తెలిసిపోయిందనుకుని గబగబా ప్రోగ్రాము మారుస్తుంటే నా చెయ్యి కీబోర్డు మీంచి తప్పించేవాడు. “నీకెట్ల ఎరుక? అనుకుంటున్నవ్. అనుకోకు చెల్లె, అడుగు. గదే చెప్తది. మనం ఇనాలె, గంతే.” యంత్రం దగ్గర అంత ఓపిక ఉన్న మనిషికి మనుషుల దగ్గర ఎందుకు ఉండదో అప్పుడు నేను ఆలోచించలేదు. యంత్రం కంటే మనుషులు ఆయనకు తేలిగ్గా అర్థమవుతారేమో అనుకున్నాను.

ఇక మోస్రా ఊళ్లో జరిగిన సంగతి.

వానలు మొదలైన రోజులు. బావి మీద పాత మోటరు, బెల్టుతో పంపును తిప్పేది. బెల్టు జారిపోతుంటే రైతు దాన్ని చేత్తో చక్రం మీదికి ఎక్కిస్తున్నాడు. అన్న పక్కనే మడమల మీద కూర్చుని, లాప్‌టాప్ తొడ మీద పెట్టుకుని పెట్టెను ప్రశ్నలు అడుగుతున్నాడు. మోటరు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి స్టేటస్ అని ఒక ఆజ్ఞ ఉంది. నడపడానికి స్టార్ట్ అని ఇంకొకటి. ఇంగ్లీషులో రెండింటికీ మొదటి మూడు అక్షరాలు ఒకటే. ఆ మూడూ కొట్టి ట్యాబ్ నొక్కితే, పాత పద్ధతిలో, అక్షరక్రమంలో ఏది ముందుంటే దాన్ని నింపేసేది. ముందున్నది స్టార్ట్.

రైతు ఏదో అనబోతున్నాడు. “బెల్టు గిట్ల...” అన్నాడు. “వదులయ్యింది, ఇంకో బొక్క కొట్టాలె,” అని అన్న అతని వైపు తిరిగి పూర్తిచేస్తూనే ట్యాబ్ నొక్కాడు, ఎంటర్ నొక్కాడు. బల్ల లేదు కాబట్టి ఆ రోజు కణుపులతో కొట్టలేదు.

మోటరు గుర్రుమంది. రైతు వెనక్కి ఎగిరి బురదలో పడ్డాడు. భుజం మీది తువ్వాలు బెల్టులో చిక్కుకుని చక్రం చుట్టూ తిరిగి చీలికలు పేలికలయింది. నేను పరుగెత్తి మెయిన్ దించాను. అతని చేతివేళ్లన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకున్నాను.

“ఏం సారూ,” అన్నాడు రైతు, బురదలో కూర్చునే, “నన్ను గూడ పంపుతోని కలిపి తిప్పుదామనుకున్నవా?”

అతని భార్య మడిలోంచి కొంగు బిగించుకుంటూ వచ్చింది. “మీ డబ్బ మీరే పీక్కపోండ్రి. మాకు చేత్తోని ఏస్కునుడు ఎరుకే. ఫోన్ల మోటరేంది, ఫోన్ల మొగడేంది!”

అన్న నవ్వలేదు. ఆయన నవ్వకపోవడం అదే మొదటిసారి చూశాను. వర్ని ఊరి దాకా బండి మెల్లగా నడిపాడు. అక్కడ రోడ్డు పక్కన ఆపి, హ్యాండిల్ మీంచి చేతులు తియ్యకుండానే అన్నాడు: “నేను అడిగింది ఒకటి, గది అనుకున్నది ఒకటి. ఎక్కువ తెలివి సూపెట్టింది చెల్లె. దీన్ని నువ్వు సరిచెయ్యి. నాతోని కాదు.”

ఆ వానాకాలమంతా నేను చేసింది అదే. నాకు కావలసింది ఒక్కటే: తెలిసినంత మేరకే నింపాలి. రెండు పేర్లకు మొదటి అక్షరాలు కలిసినప్పుడు, కలిసినంతవరకు నింపి ఆగిపోవాలి. మిగిలిన దారులు కింద చూపించి, ఒక్కొక్కటి ఏం చేస్తుందో పక్కన ఒక ముక్క చెప్పి, మనిషి కోసం కాచుకోవాలి. ఇది తేలికే. కష్టమైంది ఇంకొకటి. పాత పనిముట్టు దగ్గర పేర్ల జాబితా ఎప్పుడో రాసిపెట్టింది. పెట్టెలేమో ఏటేటా మారుతున్నాయి. కొన్నింటిలో లేని పేర్లు నింపేది, ఉన్నవి చూపేది కాదు. నేను ఆ జాబితా తీసేసి, తీగ తగిలించగానే ఎదురుగా ఉన్న పెట్టెనే నీ దగ్గర ఏమేం ఉన్నాయని అడిగేలా చేశాను. మోటరును కదిలించే ఆజ్ఞలను మాత్రం ఎప్పుడూ నింపకుండా చేశాను. అవి మనిషి చేత్తో, చివరి అక్షరం దాకా కొట్టాల్సిందే.

దాని మీద అన్నతో వాదించాను. నేను ఆయనతో వాదించింది ఆ ఒక్కసారే.

“ఎండల నిలబడి గంత పేరు కొట్టాలెనా చెల్లె?”

“కొట్టాలె అన్నా.”

“పని మెల్లగైతది గదా.”

“కానియ్యి అన్నా. మోటరు తిప్పేదొక్కటే మెల్లగైతది. మిగిలినయన్ని జల్దీ అయితయి.”

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయన నా ముఖం చూసి, బల్ల మీద కణుపులతో రెండుసార్లు కొట్టి, ఆ మూడు అక్షరాలు టైపు చేసి ట్యాబ్ నొక్కాడు. తెర అక్కడే ఆగింది. కింద రెండు పేర్లు, పక్కన వాటి వివరం. మళ్లీ నొక్కాడు. ఆగే ఉంది. విసుగొచ్చేదాకా నొక్కి పగలబడి నవ్వాడు.

“గిది అచ్చం నీలెక్కనే ఉన్నది చెల్లె. ఎరుకున్నంత చెప్తది, ఆగుతది. ఎవడెంత పొడిచినా ముందుకు పోదు.”

నన్ను ఎవరూ అంత సరిగ్గా చెప్పలేదు. మాట్లాడకపోవడం ఒక లోపం కాదు, ఒక పద్ధతి అన్నట్టు చెప్పాడు. ఆ మాటను ఎన్ని రోజులు మోసుకు తిరిగానో. ఈ రోజు ఆ మాట తలుచుకుంటేనే ఎక్కువ మండుతుంది. ఆయనకు నేను ఎందుకు ఆగుతానో తెలుసు. తెలిసినవాడే ఆ పని చేశాడు.

పూర్తయిన పనిని పూణేకు ఎక్కించాలి. దానికి కంపెనీవాళ్లు మా ఆఫీసుకంతా ఒకటే లాగిన్ ఇచ్చారు, అదీ అన్న పేరు మీద. ఇంకోటి అడుగుదామని ఎవరికీ తోచలేదు. మా ఇంటి కరెంటు మీటరు ఇప్పటికీ పోయిన తాత పేరు మీదే ఉంది. బిల్లు ఆయనకే వస్తుంది, కట్టేది అమ్మ. అందులో తప్పేముందని అందరం అనుకుంటాం. అలాగే ఎవరు ఏం రాసినా, “అన్న లాగిన్ మీదికెళ్లి ఎక్కించు” అనడమే మా రివాజు. మా సారుకు పని అయిందా లేదా అన్నదే లెక్క, ఎవరు చేశారన్నది ఆయన అడగడు. నేనూ ఎక్కించాను. నేను రాసిన ప్రతి వరుస పక్కనా అన్న పేరు వచ్చింది.

దసరాకు కొంచెం ముందు పూణే నుంచి ఒక మేడం వీడియో కాల్ చేసింది. మధ్యాహ్నం అన్నాల వేళ. ఒకటే లాప్‌టాప్ ముందు సారు, అన్న, నేను వరుసగా కూర్చున్నాం. సారు తన ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాడు. మేడం ఇంగ్లీషులో మాట్లాడింది. ట్యాబ్ పని తమవాళ్లందరికీ నచ్చిందని, ఇకనుంచి అన్ని ఊళ్లలోనూ అదే వాడతామని చెప్పింది. కదిలించే ఆజ్ఞలను నింపకుండా వదిలెయ్యడం ఎవరి ఆలోచన అని అడిగింది. అలా ఆలోచించగలిగిన మనిషి తమ దగ్గర పూణేలో కావాలంది.

అడుగుతూ ఆమె చూసింది నా వైపే. ఎందుకో తెలియదు, బహుశా నా ముఖం చూసి ఉంటుంది.

నేను వాక్యం కూర్చుకున్నాను. నాకు కాస్త సమయం కావాలి, అంతే. “మేడం, ఐ...” అన్నాను. తర్వాతి మాట నా పెదాల దాకా వచ్చింది.

“టెస్టింగ్,” అన్నాడు అన్న. “టెస్టింగ్‌లో నాకు చాలా సాయం చేసింది మేడం. చాలా మంచి అమ్మాయి.”

అనేసి నా వైపు తిరిగి నవ్వాడు. చాయ్ హోటల్‌లో, అంగడిలో, తన ఊహ సరిపోయినప్పుడు నవ్వే నవ్వే అది. మేడం, “వెరీ గుడ్,” అంది నాతో. తర్వాత ఆయనతో మాట్లాడింది. మోస్రా బావి గురించి, తువ్వాలు గురించి ఆయన ఎంతో బాగా చెప్పాడు. ట్యాబ్ ఎందుకు ఆగాలో నేను ఆయనతో అన్న మాటలు ఆయన నోట్లోంచి ఇంగ్లీషులో ఒక్కొక్కటే వస్తుంటే వింటూ కూర్చున్నాను. నా మాటలు అంత బాగుంటాయని నాకు అప్పుడే తెలిసింది.

కిందికి చాయ్‌కి దిగాం. ఎప్పటిలాగే ఒకటే చెప్పాడు, గ్లాసు నా ముందుకు జరిపాడు. బలమంతా కూడదీసుకున్నాను.

“అన్నా, పైన నువ్వు...”

“ఇంగ్లీషు జర సాఫ్ చేస్కోవాలె, గదే గదా? చేస్కుందువు తియ్యి. నీకేం తక్కువ చెల్లె.”

సాసర్‌లో చాయ్ ఊది తాగాడు.

దసరా తర్వాత ఆయన పూణే వెళ్లిపోయాడు. మేమంతా పూలదండ వేసి ఫోటో దిగాం. బస్సు ఎక్కుతూ నా తల మీద చెయ్యి పెట్టి, “పోయొస్త చెల్లె,” అన్నాడు. ఆ చెయ్యి తీసెయ్యాలనిపించింది. తియ్యలేదు.

కొన్ని నెలలకు కొత్త డీబగ్గర్ వచ్చింది. పెట్టెకు తీగ తగిలించి, మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కాను. నేను రాసిన మాటలే, నేను పెట్టిన చోటే ఆగి, నాకోసం కాచుకున్నాయి. కొత్తగా ఏం చేర్చారో చెప్పే పేజీలో అన్న పేరు ఉంది. తప్పు వెతికే పనిలో ఒక సుఖం ఉంది. ఎంత దాక్కున్నా తప్పుకు ఒక కారణం దొరుకుతుంది. అన్న విషయంలో కూడా ఒకటి దొరకబుచ్చుకున్నాను. ఆయన మరిచిపోయి ఉంటాడు. అన్నీ తన లాగిన్ మీదే ఉంటే ఏది తనదో ఏది కాదో కలగాపులగమై ఉంటుంది. మాట నింపడం అలవాటైన నోరు, అనుకోకుండా నింపేసింది. నిజంగానే తను రాసిందే అనుకుంటున్నాడు పాపం. ఈ కారణం పట్టుకుని ఏడాది బతికాను. ద్రోహం కంటే మతిమరుపు భరించడం తేలిక.

ఆయన్ని సొంతూరు బోధన్ తీసుకొచ్చారు. దహనానికి నేను వెళ్లలేదు. దినాలు ఇంకా అయిపోకముందే ఒక పొద్దున బస్సెక్కాను. చెరుకు కోతల కాలం. బస్సు ముందు చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇప్పుడవి బోధన్‌లో ఆగవు, దాటి ఇంకెక్కడికో పోతాయి. కండక్టరు వాటిని తిడుతూ, పిల్లలు గడలు లాగుతుంటే మాత్రం కిటికీలోంచి చప్పట్లు కొట్టాడు.

ఇల్లు ఆయన నాన్న కట్టించిన రెండు గదులది. వదిన గోడకానుకుని కూర్చుంది. నేను ఆమెను అంతకు ముందు చూడలేదు. పక్కన పాప నేల మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులు వేస్తోంది. లోపలి గదిలో ఆమె అత్తగారు దగ్గుతోంది. నేను ఎవరో చెప్పాను.

“నువ్వేనా ఆ నోరు లేని పిల్లవు?” అంది వదిన. చాపకేసి చూపించింది. “కూసో. నీ ముచ్చట మస్తు చెప్తుండె. ఇంత దిమాకు నేను ఎవ్వరికి సూడలే అనెటోడు. ఆ ట్యాబ్ ఏందో నువ్వే చేసినవట గదా?”

నాకు కాసేపు ఆమె ముఖం కనబడలేదు.

“ఎప్పుడు చెప్పిండు వదినా?”

“గా పూణే మేడం కంప్యూటర్ల మాట్లాడిన దినమే. ఇంటికచ్చి అన్నం తినలే. ఏమైంది అంటే, ‘ఆ పిల్ల చెప్పబట్టింది, నేను నడుమల అనేసిన’ అన్నడు. గట్లెట్ల అంటవయ్యా, రేపు పోయి చెప్పరాదు అన్న. చెప్త అన్నడు. తెల్లారి అడిగితె, పూణే పోయినంక మెల్లగ చెప్త అన్నడు. ఆడికి పోయినంక నేను గూడ అడుగుడు మానేసిన.”

ఆమె కొంగు చివర మడతపెడుతూ చెబుతోంది. మంచి మాటే చెబుతున్నాననుకుంటోంది. మా ఆయన నిన్ను మరిచిపోలేదు అని చెబుతోంది. మరిచిపోలేదు. అదే. అన్నం ముందు కూర్చుని, ఎవరి పనో తెలిసి, చెబుతానని భార్యకు మాటిచ్చి, మర్నాడు ఆఫీసుకు వచ్చి నాకు చాయ్ గ్లాసు ఇచ్చాడు. నేను ఏడాదిపాటు ఆయన తరఫున వెతికి పెట్టుకున్న కారణం ఆ చాప మీద చచ్చిపోయింది. ఆయన పోయాడన్న రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. వదిన అది వేరే ఏడుపనుకుని నా వీపు నిమిరింది.

“పొద్దుగాల మేడం ఫోన్ చేసింది,” అంది కొంతసేపటికి. “గా పనికి ఆయన పేరే పెడ్తరట. కంప్యూటర్ల ఫోటో గూడ ఉంటదట, ఎప్పటికి. బిడ్డకు సూపెట్టనీకి ఉంటది, మీ బాపు గిది చేసిండు అని.” పాప తన గురించేనని తల ఎత్తి చూసి మళ్లీ రంగుల్లో పడింది. వదిన గొంతు తగ్గించింది. “నేనింక అవునని అనలే. నువ్వేమంటవ్?”

అడిగి ఊరుకుంది. తొందరపెట్టలేదు. సాయపడలేదు. నేను నేల చూశాను, పాప వేస్తున్న బొమ్మ చూశాను, మళ్లీ ఆమెను చూశాను. ఆమె ఇంకా అలాగే ఉంది.

“వద్దు వదినా,” అన్నాను. “అది నాది.”

ఆమె చెయ్యి నా వీపు మీంచి తీసేసింది.

“ఓహో. ఉన్నన్ని దినాలు నోరు లేకపాయె. కట్టెల కాలినంక అచ్చిందా నోరు?”

“అప్పుడు అనబోయిన వదినా. ఆయన అననియ్యలే.”

“సచ్చినోని మీద మాట ఏసుడు అల్కగుంటది.”

“నువ్వే చెప్పినవ్ గదా, నేనే చేసిన్నని.”

అలా ఎదురు చెప్పగలనని నాకు తెలియదు. ఆమె నన్ను చాలాసేపు చూసింది. కోపంగానే చూసింది. నా మీదో, గోడ మీద కొత్తగా దండ పడిన ఫోటోలోని మనిషి మీదో చెప్పలేను. ఒకసారి పాప వైపు చూసింది. తర్వాత దిండు కింది నుంచి ఫోన్ తీసి, నంబరు వెతికి నొక్కి, నా ఒళ్లో పడేసింది.

“చెప్పు. నా ముందల చెప్పు. నేను ఇనాలె.”

ఫోన్ మోగుతోంది. తీసి చెవికి ఆనించుకున్నాను. లోపలి గదిలో అత్తగారి దగ్గు ఆగిపోయింది.

“హా భాభీ, చెప్పండి,” అంది మేడం, హిందీలో.

నేను భాభీని కాదని, ఇందూరు ఆఫీసులో పనిచేసే అమ్మాయినని హిందీలోనే అన్నాను. నా పేరు చెప్పాను. ఆమె గుర్తుపట్టింది.

“అచ్ఛా, అచ్ఛా! అప్పుడు టెస్టింగ్ చేసిన అమ్మాయివి కదా?”

వదిన కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి.

“కాదు మేడం,” అన్నాను.